నడిపి చూస్తే కారు మీద అభిప్రాయం మారుతుందా? మారితే ఆ మార్పును నమ్మొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మాజ్డా ఎంఎక్స్-5ను, అంటే చాలామంది మియాటా అని పిలిచే కారును, మీరు మొదటి నుంచీ షోకు కారుగానే చూశారు. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, ఇద్దరికే చోటు, ఇంజిన్ చిన్నది, టాప్ తీసి సరదాగా తిరిగేవాళ్ళ కోసం చేసింది. ఇప్పుడు మీ స్నేహితుడు ఒకటి కొని "ఒక్కసారి నడుపు, తర్వాత మాట్లాడు" అంటున్నాడు. ఏళ్ళ తరబడి ఉన్న అభిప్రాయం ఒక్క డ్రైవ్‌తో మారుతుందా, మారినా అది కాసేపటి మోజు అవుతుందేమో అన్నది మీ సందేహం.

మారుతుంది. చాలామందికి మారడం నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. కారు ఎలా నడుస్తుంది, ఎంత సుఖంగా ఉంటుంది, ఎంత తేలిగ్గా చెప్పిన మాట వింటుంది అన్న విషయాల్లో మీ చేతులూ కాళ్ళూ చెప్పిందే నమ్మండి, విన్నది పక్కన పెట్టండి. కానీ భద్రత, మన్నిక, నిర్వహణ ఖర్చు విషయాల్లో మాత్రం డ్రైవ్‌ను కూడా నమ్మకండి. ఆ మూడూ నడిపితే తెలిసేవి కావు. ఇంకో షరతు కూడా ఉంది. డ్రైవ్ పద్ధతిగా చెయ్యాలి. షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టొస్తే పాత భ్రమ పోయి కొత్త భ్రమ వస్తుంది, అంతే.

కార్లు కొనేవాళ్ళ తరఫున నడిపి చూసి, వాళ్ళ చేత నడిపించి, ఏది సరిపోతుందో చెప్పడం చాలా ఏళ్ళుగా నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కారు ఇమేజ్ అంతా బయట నిలబడి చూసేవాళ్ళు తయారుచేసేది. హెడ్‌లైట్ల ఆకారం, రంగు, అది ఎలాంటివాళ్ళ చేతిలో కనిపిస్తుంది, ప్రకటనలో ఏ రోడ్డు మీద చూపించారు, ఆఫీసులో ఎవరు ఏ జోకు వేశారు. వీటిలో ఒక్కటి కూడా డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్ళకు పనికొచ్చే సమాచారం కాదు. లోపల కూర్చున్నాక ఆ కారు ముఖం మీకు కనిపించనే కనిపించదు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు ఎంత త్వరగా స్పందించాయి, బ్రేకు పెడల్ ఎంత నొక్కితే ఎంత ఆగింది, గతుకు దాటాక బండి ఒక్కసారి ఊగి కుదురుకుందా లేక ఇంకా ఊగుతూనే ఉందా, సీటు నడుముకు ఎక్కడ ఆనింది. ఇవే మిగులుతాయి. కంటితో ఏర్పరచుకున్న అభిప్రాయానికి ఒళ్ళంతా కలిసి పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. చాలా అభిప్రాయాలు ఆ పరీక్షలో నిలబడవు, ఎందుకంటే అవి ఆ విషయాల గురించి ఏర్పడ్డవే కావు.

ఇంకో కారణం, ఇమేజ్ ఎప్పుడూ కారు కంటే వెనకబడి ఉంటుంది. పేరు అదే ఉంటుంది, దాని కింద బండి మారిపోతుంది. ఫోర్డ్ మస్టాంగ్ 1964లో వచ్చింది. దశాబ్దాలపాటు, కొన్ని ప్రత్యేక వేరియంట్లు తప్ప, దాని వెనక రెండు చక్రాలనూ ఒకే గట్టి యాక్సిల్ (ఇరుసు) కలిపి ఉంచేది. ఒక చక్రం గతుకెక్కితే రెండోది కూడా కదిలేది. "నేరుగా దూసుకుపోవడానికే, మలుపులో నమ్మలేం" అన్న పేరు అలా వచ్చింది. 2015 మోడల్ నుంచి మొత్తం మస్టాంగ్ శ్రేణికి ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్, అంటే వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు, ఇచ్చారు. ఆ పాత మాట మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. అనేవాళ్ళలో ఎక్కువమంది 2015 తర్వాతి కారు నడిపి ఉండరు. స్కోడాది ఇంకా పెద్ద కథ. పశ్చిమ యూరప్‌లో ఒకప్పుడు దాని మీద జోకులకు లెక్కలేదు. 1991లో ఫోక్స్‌వాగన్ అందులో వాటా తీసుకుంది. 1996లో వచ్చిన ఆక్టేవియా, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ నాలుగో తరంతో ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం) పంచుకుంది. నడిపినవాళ్ళకు తేడా వెంటనే తెలిసింది. నడపనివాళ్ళు ఇంకొన్నేళ్ళు జోకులు వేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మీ మియాటా దగ్గరికి వద్దాం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇమేజ్‌కీ అసలు కారుకీ ఇంత దూరం ఉన్న బండ్లు తక్కువ.

1989లో షికాగో ఆటో షోలో చూపించినప్పుడు అందులో ఉన్నది 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్‌పవర్. కాగితం మీద ఈ అంకె చూసి "పికప్ ఉండదు" అని కొట్టిపారేయడం సహజం. కానీ బరువు వెయ్యి కేజీల లోపే. ఇంజిన్‌ను ముందు యాక్సిల్‌కు వెనక్కి జరిపి పెట్టారు కాబట్టి ముందు చక్రాల మీదా వెనక చక్రాల మీదా బరువు దాదాపు సమానంగా పడుతుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఇచ్చారు, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతుల్లాంటి భాగాలు పట్టి ఉంచుతాయి. గేర్‌బాక్స్‌నూ వెనక డిఫరెన్షియల్‌నూ (రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే భాగం) ఒక గట్టి ఫ్రేముతో కలిపారు, దాంతో యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా మధ్యలో కుదుపు, సడలు లేకుండా వెనక చక్రాలకు సూటిగా అందుతుంది. గేరు లివర్ మణికట్టు కదిలినంత దూరంలోనే పడిపోతుంది. షోకు కోసమే చేసిన కారైతే బయటికి కనిపించని ఈ పనుల మీద ఇంత శ్రమ పెట్టరు.

నడిపినప్పుడు తెలిసేది ఇదీ: ఆ కారులో వేగం తక్కువైనా చేసే పని ఎక్కువ. సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి అరవైలో వెళ్తున్నా రోడ్డు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. చట్టం ఒప్పుకునే వేగంలోనే ఇంజిన్‌ను పూర్తిగా వాడుకోవచ్చు. అదే నాలుగు వందల హార్స్‌పవర్ ఉన్న కారులో ఆ వేగానికి ఇంజిన్ నిద్రపోతూ ఉంటుంది. దాని సత్తా చూడాలంటే లైసెన్సు పోయే వేగానికి వెళ్ళాలి. "బలం లేదు" అన్న అభిప్రాయంతో ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు బలం మాటే ఎత్తకపోవడం నేను చాలాసార్లు గమనించాను. మలుపు గురించి మాట్లాడతారు, గేర్ల గురించి మాట్లాడతారు. వాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికిందని కాదు, ఆ ప్రశ్నే అక్కర్లేకుండా పోయింది.

ఇలాంటిదే ఇంకోటి చెప్తాను. 2012లో టొయోటా, సుబారు కలిసి తెచ్చిన జీటీ86కు, టొయోటా హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు ఉండేది) ప్రియస్‌లో కూడా వాడే రకం టైర్లు వేశారు. స్పోర్ట్స్ కారుకు ఇవేం టైర్లు అని చాలామంది తప్పుపట్టారు. కావాలనే అలా చేశారు. గ్రిప్ మరీ ఎక్కువైతే కారు జారే హద్దు చాలా పెద్ద వేగంలో వస్తుంది, మామూలు డ్రైవర్ ఆ దరిదాపులకు వెళ్ళకూడదు. హద్దు కిందికి దిగితే బండి ముందుగానే చేతికి కబురు పెడుతుంది, సర్దుకునే వ్యవధి ఉంటుంది. స్పెసిఫికేషన్ల పట్టికలో ఇది లోపంగా కనిపిస్తుంది. సీట్లో కూర్చుంటే ఎందుకు చేశారో అర్థమవుతుంది.

అయితే ప్రతి మార్పూ నిజం కాదు. మిమ్మల్ని మోసం చేయగలవి కొన్ని ఉన్నాయి, అవి తెలిసి ఎక్కండి.

యాక్సిలరేటర్ మొదటి భాగం. కొన్ని కార్లలో పెడల్ కొద్దిగా తాకగానే ఎగిరిపడేలా ఎలక్ట్రానిక్‌గా సెట్ చేస్తారు. "అబ్బ, ఏం పికప్" అనిపిస్తుంది. పెడల్ ఇంకా నొక్కుతూ పోండి. ఆ తర్వాత పెద్దగా ఏమీ మిగలకపోతే మీరు చూసింది సెట్టింగునే, ఇంజిన్‌ను కాదు. స్పోర్ట్ మోడ్ బటన్ వల్ల వచ్చే హుషారులో చాలా భాగం ఇదే.

చప్పుడు. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లోనే ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్ల ద్వారా క్యాబిన్‌లోకి వినిపించారు. ఆ తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. తప్పని అనను, కానీ శబ్దం విని కారు హుషారుగా ఉందని నిర్ణయించకండి.

సీటు ఎత్తు. ఎత్తులో కూర్చుంటే వేగం తక్కువగా, అంతా అదుపులో ఉన్నట్టు అనిపిస్తుంది. పెద్ద ఎస్‌యూవీల మీద ఉన్న "ధీమా" ఇమేజ్‌ను ఆ ఎత్తు బలపరుస్తుంది. నిజానికి బరువు పైన ఉన్న బండి మలుపులో ఎక్కువ ఒరుగుతుంది. సడన్‌గా స్టీరింగ్ తిప్పాల్సి వస్తే సర్దుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. బండి జారబోతే తనంతట తానే బ్రేకులు వేసి సర్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది గానీ భౌతికశాస్త్రం ఎక్కడికీ పోలేదు.

టైర్లు. ఒకే కారు, రెండు రకాల టైర్లు, రెండు అభిప్రాయాలు. సెకండ్‌హ్యాండ్ కారును అరిగి గట్టిపడ్డ టైర్లతో నడిపి "అందరూ అన్నది నిజమే, గరుకుగా ఉంది" అనేవాళ్ళను చూస్తుంటాను. ఎక్కే ముందు గాలి చూడండి, టైరు తయారైన సంవత్సరం చూడండి. పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

ఇక నడిపినా తెలియని సంగతులు. గట్టిగా మూసుకునే తలుపు, బరువైన స్టీరింగ్, పైకప్పును మోసే మందపాటి పిల్లర్లు "ఇది గట్టి బండి" అన్న నమ్మకం ఇస్తాయి. గుద్దుకున్నప్పుడు ఏం జరుగుతుందో వాటికి తెలియదు. 2012లో అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ ఒక కొత్త పరీక్ష పెట్టింది. కారు ముందు భాగంలో ఒక మూల మాత్రమే అడ్డంకికి తగిలేలా చేస్తారు. మొదటి విడతలో పరీక్షించినవి మధ్యస్థాయి లగ్జరీ కార్లు. గొప్ప పేరున్న చాలా కార్లు అందులో తేలిపోయాయి. వోల్వో ఎస్60 మంచి రేటింగు తెచ్చుకుంది. అంటే భద్రత విషయంలో ఒకరి ఇమేజ్ నిలబడింది, కొందరిది పడిపోయింది. ఏది ఏదో మీరు నడిపి కనిపెట్టే అవకాశమే లేదు. అందుకు క్రాష్ టెస్ట్ ఫలితాలు చదవాల్సిందే, అదీ మీరు కొనే తరానివి, మీరు కొనే వేరియంట్‌వి.

నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ముగ్గురి సంగతి చెప్తాను.

ఒకాయనకు హైబ్రిడ్ అంటే చిరాకు. "నీరసం కారు, మైలేజీ పిచ్చి ఉన్నవాళ్ళది" అనేవారు. ఆయన మనసులో ఉన్నది పాత తరాల ప్రియస్. ఇంట్లోవాళ్ళ బలవంతం మీద కొత్త తరం ప్రియస్ నడిపారు. 2022 చివర్లో చూపించిన ఆ తరంలో రెండు లీటర్ల ఇంజిన్ ఉన్న వేరియంట్‌కు మొత్తం సుమారు 195 హార్స్‌పవర్ ఉంటుంది. సిగ్నల్ దగ్గర మోటారు ఇచ్చే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) మొదటి క్షణం నుంచే అందడంతో నీరసం అన్న మాట అక్కడే పోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వణుకూ శబ్దమూ లేకపోవడం ఆయనకు బాగా నచ్చింది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా నొక్కితే ఇంజిన్ ఒకే స్వరంలో అరుస్తూ ఉండటం ఆయనకు అసలు నచ్చలేదు. ఆ విషయంలో ఆయన పాత ఫిర్యాదు నిజమేనని తేలింది. సగం అభిప్రాయం కూలింది, సగం రుజువైంది. ఆయన ఆ కారు కొనలేదు. నా దృష్టిలో అది మంచి టెస్ట్ డ్రైవ్, ఎందుకంటే ఇప్పుడు ఆయన అయిష్టానికి సరైన కారణం ఉంది.

రెండో ఆమె వయసు మళ్ళిన తల్లిని ఆసుపత్రికీ చుట్టాల ఇళ్ళకూ తిప్పాలి. పెద్ద ఎస్‌యూవీ అయితే అమ్మకు సుఖంగా, హుందాగా ఉంటుందని గట్టిగా అనుకున్నారు. ఎస్టేట్ కారు, అంటే పైకప్పు వెనకదాకా సాగి సామానుకు చోటు ఎక్కువున్న మామూలు ఎత్తు కారు, ముసలివాళ్ళ బండి అని ఆమెకు చిన్నచూపు. రెండిటినీ ఒకే రోడ్డు మీద నడిపించాను. మొదటి విడత ఆమె నడిపారు, అమ్మగారు వెనక కూర్చున్నారు. తర్వాత నేను నడిపాను, ఆమె వెనక కూర్చున్నారు. ఎస్‌యూవీలో గతుకు పడ్డప్పుడల్లా తల పక్కలకు ఊగుతోంది. ఎక్కడానికి అమ్మగారు పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. ఎస్టేట్‌లో సీటు ఆవిడ తుంటి ఎత్తుకు సరిగ్గా ఉంది, అలా తిరిగి కూర్చుంటే సరిపోయింది. డ్రైవర్ సీట్లోంచి మాత్రమే చూసి ఉంటే ఆమె ఎస్‌యూవీయే కొనేవారు. కారు ఎవరి కోసమో వాళ్ళు కూర్చునే సీట్లో మీరు కూర్చుని చూడాలి. దీన్ని జనం మర్చిపోతారు.

మూడోది తిరగబడిన కేసు. ఒక కుర్రాడు పేరు మోసిన ఒక కూపే (రెండు తలుపుల కారు) మీద మనసు పడ్డాడు. ఖాళీ రోడ్డు మీద కాసేపు నడిపి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నేను ఒప్పుకోలేదు, అదే కారును రద్దీ వేళలో నడపమన్నాను. క్లచ్ బరువుకు పిక్క పట్టేసింది. వెనక పిల్లర్ ఎంత వెడల్పంటే పక్క లేన్‌లో వచ్చే బైకు కనపడలేదు. ఇరుకు పార్కింగ్‌లో పొడవాటి తలుపు సగమే తెరుచుకుంది. రోజూ ఉద్యోగానికి వెళ్ళేది ఆ దారినే. ఇమేజ్ కారును తక్కువ చేసి చూపించడం అందరికీ తెలుసు. ఎక్కువ చేసి చూపించడం వల్లే జేబుకు ఎక్కువ నష్టం, నా అనుభవంలో.

కాబట్టి మీరు ఇలా చెయ్యండి.

ఎక్కే ముందు మీ అభిప్రాయాన్ని కాగితం మీద రాయండి, కానీ పరీక్షించడానికి వీలుగా రాయండి. "షోకు కారు" అని రాస్తే లాభం లేదు, దాన్ని ఏ రోడ్డూ రుజువు చేయలేదు, కాదనలేదు. "ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించినా లాగదు", "గతుకుల్లో నడుముకు దెబ్బ తగులుతుంది", "హైవే మీద గాలి చప్పుడుకు మాట వినపడదు", "మలుపులో వెనక భాగం భయపెడుతుంది" అని రాయండి. దిగాక ఒక్కో వాక్యం పక్కన అవును, కాదు పెట్టండి. ఏదీ రాయలేకపోతే మీకు ఉన్నది ఆ కారు గురించి అభిప్రాయం కాదు, అది నడిపేవాళ్ళ గురించిన అభిప్రాయం అని అప్పుడు తెలుస్తుంది.

ముందు మీ సొంత కారును అదే దారిలో నడపండి. వెంటనే దిగి దీన్ని ఎక్కండి. ఒళ్ళు రెండు కార్లను పక్కపక్కన పెట్టి బాగా పోల్చుకుంటుంది, నెల క్రితం నడిపినదాన్ని గుర్తుపెట్టుకుని పోల్చుకోలేదు. దారిలో ఒక పాడైన రోడ్డు, ఒక పొడవైన మలుపు, ఒక ఎత్తు, కాస్త ట్రాఫిక్, ఒక రివర్స్ పార్కింగ్ ఉండేలా చూసుకోండి. పాటలు ఆపెయ్యండి. స్నేహితుణ్ణి మొదటి భాగంలో మాట్లాడొద్దని చెప్పండి. ఇష్టంగా కొన్న కారు గురించి పక్కనుంచి చెబుతుంటే మీరు ఆయన చెవులతో వింటారు. కుదిరితే ఇంకో రోజు మళ్ళీ నడపండి. మొదటిసారి అంతా కొత్తదనమే. రెండోసారి కూడా బాగుందనిపిస్తే ఆ మాటను నేను లెక్కలోకి తీసుకుంటాను.

"చూసేవాళ్ళు నవ్వితే?" అని కూడా అడిగారు. నవ్వుతారు, కొన్నాళ్ళు. ఇమేజ్‌కు నిజంగా విలువ ఉండే చోటు ఒకటుంది, అది మళ్ళీ అమ్మేటప్పుడు. కొనేవాళ్ళు కూడా ఇమేజ్ చూసే వస్తారు కాబట్టి చిన్నచూపు ఉన్న మంచి కారు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, చవగ్గానే పోతుంది. ఎక్కువ ఏళ్ళు ఉంచుకునేవాళ్ళకు అది లాభం. రెండేళ్ళకోసారి మార్చేవాళ్ళు జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి.

చివరిగా మియాటా గురించి రెండు మాటలు. మీరు పొడవైతే అన్నిటికంటే ముందు టాప్ మూసి కూర్చుని చూడండి. తల తగిలినా, మోకాలు స్టీరింగ్‌కు తగిలినా, ఎంత బాగా నడిచినా అది మీ కారు కాదు. ఇంకొకటి, మీ స్నేహితుడిది ఏ తరమో కనుక్కోండి. 2015లో వచ్చిన నాలుగో తరం నుంచి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇచ్చారు. పాతవాటిలో రోడ్డు గరుకుదనం చేతికి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక తరం నడిపి వచ్చిన అభిప్రాయాన్ని ఇంకో తరానికి అంటగట్టకండి. నడిపాక మీ కాగితం మీద ఏ వాక్యాలు మిగిలాయో రాయండి, అక్కడి నుంచి కొనాలా వద్దా అన్నది మాట్లాడుకుందాం.